కడుపులో బిడ్డ, బోరులో నీళ్లు – 3వ పాఠం: నీటి రిపోర్టు చదవడం

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఎన్ని నీళ్లు తాగిందో, అవి ఎక్కడివో కాగితం మీద రాయమన్నాను. గ్లాసుల లెక్కే కాదు, ఆమె తినే అన్నంలోకి, పప్పులోకి పోసినవి కూడా. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ అనే లవణం ఎంతుందో, రిపోర్టులో అది ఎలా చూడాలో ఈ పాఠం.

మా దర్శి వైపు నీళ్లకు మార్కులు వేసేది పప్పు. "ఈ బోరు నీళ్లలో పప్పు భలే ఉడుకుద్ది" అని ఒకరు అంటే చాలు, మర్నాటి నుంచి అక్కడ బిందెలు బారులు తీరతాయి. పప్పు తొందరగా ఉడికిందంటే ఆ నీళ్లలో కాల్షియం తక్కువని అర్థం. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దాంతో కలిసి గట్టిపడి కిందికి దిగిపోతుంది. తక్కువుంటే నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. మెత్తటి నీళ్లన్నీ చెడ్డవని కాదుగానీ, పప్పు మెచ్చిన బోరునే ముందు పరీక్ష చేయించండి.

మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి మొదట వైద్య పత్రికకెక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరులోవే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. గారపళ్లు, వంగిన నడుములు మనకు తెలిసిన కథే. మెదడు సంగతి మాత్రం ఈమధ్యే గట్టిగా వినపడుతోంది.

తల్లి రక్తంలోని ఫ్లోరైడ్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. మెక్సికోలో సుమారు 300 మంది తల్లీబిడ్డల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి మూత్రంలో ఫ్లోరైడ్ లీటరుకు అర మిల్లీగ్రాము ఎక్కువున్న కొద్దీ, 6 నుంచి 12 ఏళ్ల వయసులో పిల్లల ఐక్యూ (తెలివి పరీక్షలో వచ్చే అంకె) సగటున రెండున్నర పాయింట్లు తక్కువగా కనిపించింది. 2024లో అమెరికా ప్రభుత్వ విషపదార్థాల పరిశీలన సంస్థ పాత అధ్యయనాలన్నీ కలిపి చూసింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల తక్కువ ఐక్యూకీ సంబంధం ఉందని ఓ మోస్తరు నమ్మకంతో చెప్పవచ్చంది. అంతకన్నా తక్కువ మోతాదు గురించి తేల్చడానికి ఆధారాలు చాలవంది. ఇక్కడ "సంబంధం" అనే మాట కింద గీత గీసుకోండి. ఇది వందల మంది సగటు. ఫలానా పిల్లాడు లెక్కల్లో వెనకబడ్డాడంటే వాళ్లమ్మ తాగిన నీళ్లవల్లే అని ఎవరూ అనలేరు. అత్తగార్లు అసలే అనకూడదు.

ఇక రిపోర్టు. మన బోరుది ఇలా వచ్చిందనుకోండి: ఫ్లోరైడ్ లీటరుకు 1.4 మిల్లీగ్రాములు. పక్కన ఎంతదాకా ఉండొచ్చో చెప్పే రెండు గడులు ఉంటాయి, ఒకదాంట్లో 1.0, రెండోదాంట్లో 1.5. చాలామంది రెండోది చూసి, దాటలేదుగా అని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. ఆ 1.5 దేనికో చిన్న అక్షరాల్లో ఉంటుంది: వేరే నీటి వనరు లేకపోతేనే. కాబట్టి ఇంట్లో గర్భిణి ఉంటే మొదటి గడే మన గడి.

ఇప్పుడు మీ కాగితం తీయండి. తాగినవీ వంటలోకి వెళ్లినవీ కలిపి మూడున్నర లీటర్లు అయ్యాయనుకుందాం. బోరులో 2.4 ఉంటే రోజుకు 8.4 మిల్లీగ్రాములు. నీళ్లు మార్చి 0.4 ఉన్నవి వాడితే 1.4. తాగడానికి మాత్రమే క్యాన్ తెప్పించి అన్నం బోరు నీళ్లతో వండితే లెక్క ఎక్కడ తేలుతుందో మీరే వేసి చూడండి. స్నానానికి, అంట్లు తోమడానికి బోరు నీళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. ఫ్లోరైడ్ చర్మం గుండా లోపలికి పోయేది లెక్కలోకి రాదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మా మరదలు కడుపుతో ఉన్నప్పుడు, "నీళ్లు బాగా మరగబెట్టి తాగమ్మా" అని నేనే చెప్పాను. పాపం, నెలల తరబడి అలాగే చేసింది. మరిగితే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ ఆవిరైపోదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు ఐదు లీటర్లు పొయ్యి మీద పెట్టి నాలుగయ్యేదాకా మరిగిస్తే, లోపలున్న 10 మిల్లీగ్రాములు అలాగే ఉండి లీటరుకు 2.5 అవుతాయి. ఆ లెక్క అప్పుడు వేసుకోలేదు.

టీడీఎస్ మీటరుకూ మోసపోవద్దు. నీళ్లమ్మే ప్లాంటులో పెన్నులాంటిది ముంచి "చూడండి, యాభై" అంటారు. అది కరిగిన లవణాలన్నిటి మొత్తం చెబుతుంది, ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. నీళ్లను సన్నటి పొర గుండా వడకట్టే ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, పొర పాతబడితే సరిగా తీయదు. అందుకే ప్లాంటు నీళ్లకు కూడా ఫ్లోరైడ్ రిపోర్టు అడగండి. చిరాకు పడితే పడనివ్వండి.

శాంపిల్ పట్టేటప్పుడు గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకుని, బోరు ఐదు నిమిషాలు వదిలి, అవే నీళ్లతో రెండు మూడు సార్లు సీసా కడిగి నింపండి. తేదీ, బోరు ఎవరి పొలంలోదో రాసి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో ఇవ్వండి. ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి వానల తర్వాత.

ఇప్పటికే ఆరో నెల వచ్చింది, ఇంకేం లాభం అని అడిగేవాళ్లుంటారు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన మొదటి 28 రోజుల్లోనే, అది అయిపోయింది. మెదడు పెరగడం మాత్రం కాన్పు దాకా, ఆ తర్వాతా సాగుతూనే ఉంటుంది. ఈ రోజు మార్చిన బిందె ఈ రోజు నుంచే లెక్క.

అభ్యాసం: రిపోర్టులో ఫ్లోరైడ్ 1.8, టీడీఎస్ 420. తాగడానికి రెండు లీటర్లు, వంటకు ఒకటిన్నర. తాగే నీళ్లు మాత్రమే మార్చి 0.5 ఉన్నవి తెచ్చుకున్నారు. రోజుకు ఎంత తగ్గింది, ఇంకా ఎంత మిగిలింది? వచ్చే పాఠం సీసం గురించి, ఇంట్లో పాత పెయింటు డబ్బా ఉంటే పారేయకుండా ఉంచండి.