పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి పనికొచ్చే సెల్స్ తీయడం

ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయిందంటే లోపలి సెల్స్ అన్నీ పోయినట్టు కాదు. ఆరు సెల్స్ ప్యాక్‌లో సాధారణంగా రెండేసి కలిపి మూడు జంటలుగా ఉంటాయి. ఒక జంట చచ్చినా ప్యాక్‌లోని కంట్రోల్ బోర్డు మొత్తాన్నీ ఆపేస్తుంది. మిగతా నాలుగూ బాగానే ఉండొచ్చు. మా ఇంట్లో కరెంట్ పోతే వెలిగే లైటు, కింద ఫ్లాట్ బాబాయిగారి రేడియో అలాంటి వాటి మీదే నడుస్తున్నాయి.

లావుపాటి పాత ప్యాక్‌లే తీసుకోండి. వాటిలో 18650 సెల్స్ ఉంటాయి: 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు. సన్న ల్యాప్‌టాప్‌లలో ఉండే, మెత్తటి సంచిలాంటి పలచటి పౌచ్ బ్యాటరీల జోలికి నేనైతే వెళ్లను.

గచ్చు మీద కూర్చుని, పక్కన పొడి ఇసుక బకెట్ పెట్టుకుని మొదలుపెట్టండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. అతుకు వెంట ప్లాస్టిక్ బద్దతో విప్పాలి. స్క్రూడ్రైవర్ లోపలికి గుచ్చితే సెల్‌కి చిల్లు పడి మంట రేగుతుంది. సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీలను ఒక్కొక్కటిగానే కత్తిరించాలి.

ఇప్పుడు ఒక్కో సెల్‌కి మల్టీమీటర్ పెట్టి వోల్టేజ్ చూడండి. 2 వోల్టుల కన్నా తక్కువుంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. అంత దిగిపోయిన సెల్‌లో రాగి కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేస్తే లోపలే షార్ట్ కావచ్చు. యూట్యూబ్‌లో బతికించి చూపిస్తారు, నమ్మకండి.

చాలామంది పట్టించుకోనిది పైనున్న ప్లాస్టిక్ తొడుగు. సెల్ లోహపు ఒళ్లంతా మైనస్సే, ప్లస్ మొన చుట్టూ ఉన్న అంచుతో సహా. అక్కడ తొడుగు చిరిగితే, ప్లస్‌కి తగిలించే పట్టీ ఆ అంచుని తాకి షార్ట్ అవుతుంది. కొత్త తొడుగు వేసి, మొన చుట్టూ ఇన్సులేటింగ్ రింగ్ పెట్టండి.

ఛార్జింగ్‌కి టీపీ4056 బోర్డు చాలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగితే ఇస్తారు. ప్రొటెక్షన్ (సెల్ మరీ దిగిపోకుండా ఆపేది) ఉన్నదే అడగండి, దానికి ఔట్ ప్లస్, ఔట్ మైనస్ అని విడిగా ఉంటాయి. మామూలుగా అది 1 ఆంపియర్ ఇస్తుంది. ముసలి సెల్స్‌కి అంత వద్దు. బోర్డు మీద కరెంట్‌ని నిర్ణయించే 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసి 2 కిలో ఓమ్‌లది వేస్తే దాదాపు 580 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. ఛార్జ్ అయ్యేంతసేపూ దగ్గరే ఉండి చేత్తో తాకి చూడండి. వేడెక్కిందా, తీసేయండి.

4.2 వోల్టులకు నిండాక రెండు వారాలు ముట్టుకోకుండా ఉంచండి. 4.1 కన్నా కిందికి జారిందంటే అది ఛార్జ్ దానంతటదే పోగొట్టుకుంటున్న సెల్.

మా అపార్ట్‌మెంట్‌లో సెల్స్ డబ్బా ఒకటి పెట్టాను, సెల్ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో కొలిచే కెపాసిటీ టెస్టర్ కూడా అందులోనే. ఎవరైనా తీసుకోవచ్చు, డబ్బులక్కర్లేదు. పాత ప్యాక్ దొరికితే తెచ్చివ్వాలి, అంతే. ఒక్క విషయంలో మాత్రం నేను మొండిదాన్ని: సెల్ మీద కొలిచిన తేదీ, వోల్టేజ్, కెపాసిటీ మార్కర్‌తో రాయందే డబ్బాలో వేయనివ్వను. పేరు కూడా రాయాలి, తేడా వస్తే ఎవర్ని అడగాలో తెలియాలి కదా.

చచ్చిన సెల్స్‌కి రెండు చివరలా టేపు అంటించి, విడిగా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. చెత్తబుట్టలో వేస్తే మున్సిపాలిటీ బండిలో నలిగి నిప్పంటుకోవచ్చు.