శేషాచలం అంచున మొక్కలు నాటే ముందు జాగ్రత్తలు

• హద్దురాళ్లు చూసుకోండి. అటవీ భూమిని వేరే పనికి వాడాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి.

• మేకల దారి ఎటో, ఉసిరికాయలు ఎక్కడ ఏరుకుంటారో ఊరివాళ్లనే అడగండి. ఈ పని మాత్రం మ్యాపు చూసి సరిపెట్టకండి. దారి మూస్తే కంచె నిలవదు.

• ఎర్రచందనానికి రాతి వాలు బాగుంటుంది, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. గుంతలో బిందెడు నీళ్లు పోసి చూడండి. తెల్లారినా ఇంకకపోతే అక్కడ వేరే మొక్క పెట్టండి.

• నాటేటప్పుడు మొక్క ఉన్న నర్సరీ కవరు బ్లేడుతో కోసి తీసేయండి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ విడిపోకుండా. చాలా మొక్కలు పోయేది ఇక్కడే.

• మనకు అక్టోబరు, నవంబరు వానలే పెద్దవి. అంతకుముందే గుంతలు సిద్ధం చేయించండి.

• పలమనేరు, కుప్పం వైపైతే ఏనుగుల దారికి కంచె అడ్డం పెట్టొద్దు.

• ఎండాకాలానికి ముందే ఫైర్ లైన్ (మంట పాకకుండా గడ్డి, ఆకులు తీసేసిన ఖాళీ పట్టీ) వేయించండి.