సంఘం గ్రూపులో కుట్ర కథలు తిరుగుతుంటే ఏం చేయాలి?

"ఈ టీకాలో 666 ముద్ర దాచారు, అందరికీ పంపండి" అని సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకరు పెడతారు. (666 అంటే బైబిల్లోని ప్రకటన గ్రంథం చెప్పే మృగం సంఖ్య.) కింద వరసగా "ఆమేన్"లు పడతాయి. పాస్టర్ గారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, లేదా ఆదివారం ప్రసంగంలో కడిగేస్తారు. రెండింటివల్లా ఉపయోగం లేదు.

1. పంపినవారితో విడిగా మాట్లాడండి. తప్పు చేసిన సహోదరుణ్ణి ముందు ఒంటరిగా కలవమని మత్తయి 18:15 చెప్పేది ఇక్కడా వర్తిస్తుంది. అందరి ముందు "ఇది ఫేక్" అంటే పరువు పోయిందని ఆ మాటనే పట్టుకు కూర్చుంటారు. ఫోన్ చేసి, "ఇది చదివాక మీకేం భయమేసింది?" అని అడగండి. చాలాసార్లు వెనక పిల్లల ఆరోగ్యం గురించిన టెన్షన్ ఉంటుంది. దానికోసం ప్రార్థించండి. కథకు మాత్రం ఆమేన్ చెప్పకండి.

2. ఇద్దరూ కలిసి మూలం వెతకండి. ఎవరన్నారు, ఎప్పుడు, ఆధారమేంటి? నిజమైన కుట్రలూ ఉంటాయని ఒప్పుకోండి, లేకపోతే మీ మాట నమ్మరు. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు ఆ సంగతి చెప్పకుండా, వైద్యం ఇవ్వకుండా ప్రభుత్వ ఆరోగ్య శాఖ వాళ్లు గమనిస్తూ పోయారు. దాన్ని బయటపెట్టింది లోపలి సంగతి తెలిసిన ఉద్యోగి, ఆధారాలతో రాసిన విలేకరి. ఫార్వర్డ్ మెసేజ్ కాదు.

3. పాత సంగతులు చెప్పండి. రోమ్ తగలబడ్డాక చక్రవర్తి నీరో ఆ నింద క్రైస్తవుల మీదకు నెట్టాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. తర్వాతి శతాబ్దంలో వాళ్లు పసిపిల్లల్ని తింటారని పుకారు. అలాంటి నిందలు పడ్డవాళ్ల వారసులే 1980ల్లో సబ్బులూ డిటర్జెంట్లూ అమ్మే అమెరికా కంపెనీ ప్రాక్టర్ అండ్ గాంబుల్ లోగో సైతాను గుర్తని చర్చిల్లో చెప్పుకున్నారు! 1985లో కంపెనీ దాన్ని ప్యాకెట్ల మీంచి తీసేస్తామని ప్రకటించింది. పుకారు ఆగలేదు. దాన్ని వ్యాప్తి చేసిన నలుగురు మాజీ ఆమ్వే (పోటీ కంపెనీ) డిస్ట్రిబ్యూటర్లు ప్రాక్టర్ అండ్ గాంబుల్‌కు 1.925 కోట్ల డాలర్లు చెల్లించాలని 2007లో జ్యూరీ తేల్చింది. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

4. మూలం లేని ఫార్వర్డ్ పెట్టకూడదని గ్రూపులో నియమం పెట్టండి.

5. కథ ఏదో ఒక జాతిని, మతాన్ని దోషిగా చూపిస్తుంటే మాత్రం విడిగా మాట్లాడేదాకా ఆగకండి. యూదులు ప్రపంచాన్ని ఏలడానికి కుట్ర పన్నారంటూ అల్లిన "ప్రోటోకాల్స్" అనే రాతలు నకిలీవని 1921లోనే తేలినా వాటి ప్రచారం ఆగలేదు. ఇలాంటిది కనిపించిన రోజే, పంపినవారి పేరెత్తకుండా, "ఇది అబద్ధం, మన సంఘం ఒప్పుకోదు" అని అందరికీ చెప్పండి.

6. పంపింది సంఘ పెద్దే అయితే? ఇద్దరు పెద్దలు కలిసి వెళ్లాలి. ఒక్కసారితో తెగదు, మళ్లీ వెళ్లాల్సి రావచ్చు. ఆయన గ్రూపులో సవరణ పెడితే, కింద మొదటి "థాంక్స్" పాస్టర్ గారిదే కావాలి.