చెన్నైలో కామిక్స్‌కి బీరువా కొనేముందు

ముందు గది చూడండి. బయటి గోడకీ బాత్రూమ్ గోడకీ ఆనించి బీరువా పెట్టొద్దు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకి ఆ గోడలు చెమ్మెక్కుతాయి, పుస్తకం మధ్యలో ఉన్న పిన్నులు తుప్పు పట్టి కాగితం మీద ఎర్రటి మరక దింపేస్తాయి, అది ఇక పోదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే కింది అర ఖాళీగా వదిలేయండి. 2015 డిసెంబర్ వరదలు చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

చెక్క కన్నా స్టీలు మేలు, చెదల భయం తక్కువ. కాకపోతే లోపల గాలాడదు కాబట్టి తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, తేమ కొలిచే ఒక చిన్న హైగ్రోమీటర్ పెట్టి, తేమ 60 శాతం దాటకుండా చూసుకోండి.

పుస్తకాలకి తొడిగే ప్లాస్టిక్ కవర్ల దగ్గర మాత్రం దయచేసి కక్కుర్తి పడొద్దు! పీవీసీవి కొన్నాళ్లకి జిగటగా మారి అట్ట మీది రంగుకి అంటుకుంటాయి, పాలీప్రొపిలీన్‌వే అడిగి తీసుకోండి, కవర్లో పుస్తకం వెనక యాసిడ్ లేని అట్టముక్క పెట్టండి. రబ్బరు బ్యాండ్లు, సెల్లోటేపు అసలు వద్దు.

పుస్తకాల్ని నిలువుగా, వేలు దూరేంత సందుతో పెట్టాలి. పెట్టెల్లో సర్దేవాళ్లు చిన్నవే కొనండి, పెద్దది నిండాక ఒక్కరివల్ల లేవదు.