మరుగుజ్జు గెలాక్సీల నడిబొడ్డు – 4వ పాఠం: మధ్యలో కనిపించే చుక్క గెలాక్సీదేనా?

గత పాఠంలో గెలాక్సీ ఫొటో మీద కేంద్రం చుట్టూ వలయాలు గీసి, ఒక్కో వలయంలో సగటు వెలుగు ఎంతో గ్రాఫ్ వేశాం. చాలా మరుగుజ్జు గెలాక్సీలలో (అంటే మన పాలపుంత కంటే ఎంతో చిన్న గెలాక్సీలలో) ఆ గీత బయటి నుంచి లోపలికి మెల్లగా లేస్తూ వచ్చి, ఆఖరి రెండు మూడు పిక్సెళ్ల దగ్గర ఒక్కసారిగా ఎగబాకుతుంది. అంటే మధ్యలో ఒక చుక్క ఉందన్నమాట. అది ఆ గెలాక్సీ కేంద్రక నక్షత్రగుచ్ఛమా (నడిమధ్యన కిక్కిరిసి ఉండే నక్షత్రాల గుంపా), లేక మన పాలపుంతలోని ఏదో నక్షత్రం అడ్డొచ్చిందా? ఇవాళ దాన్ని తేల్చడం నేర్చుకుందాం.

చూడగానే చెప్పడం ఎందుకు కష్టమో ముందు లెక్క వేయండి. కన్యారాశి గెలాక్సీ గుంపు మనకు సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దూరాన్ని 2,06,265తో భాగిస్తే ఒక ఆర్క్ సెకండులో (డిగ్రీలో 3,600వ వంతు కోణంలో) ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది: ఇక్కడ దాదాపు 262 కాంతి సంవత్సరాలు. కేంద్రక గుచ్ఛం వెడల్పు 30 కాంతి సంవత్సరాలు అనుకుంటే, అది ఆర్క్ సెకండులో దాదాపు తొమ్మిదో వంతే. నేల మీది టెలిస్కోపుకు గాలి కదలికల వల్ల ఒక ఆర్క్ సెకండు మేర చిత్రం అలుక్కుపోతుంది. కాబట్టి గుచ్ఛమైనా, ఒంటరి నక్షత్రమైనా ఒకేలా కనిపిస్తాయి.

అందుకే మొదట చుక్క ఎక్కడుందో చూడాలి. చుక్కను కప్పేసి, బయటి వలయాలతోనే గెలాక్సీ కేంద్రాన్ని కొలవండి. చుక్కను కలుపుకుని కొలిస్తే అది కేంద్రాన్ని తనవైపు లాగేసుకుంటుంది, ఇక పరీక్షకు అర్థమే ఉండదు. తర్వాత, గెలాక్సీకి దూరంగా ఒక చదరపు ఆర్క్ నిమిషంలో అంత వెలుగున్న చుక్కలు ఎన్నో లెక్కపెట్టండి. 4 ఉన్నాయనుకుందాం. కేంద్రం చుట్టూ 2 ఆర్క్ సెకండ్ల వ్యాసార్ధంతో గీసిన వృత్త వైశాల్యం సుమారు 12.6 చదరపు ఆర్క్ సెకండ్లు. దాన్ని 4తో గుణించి, 3,600తో (ఒక చదరపు ఆర్క్ నిమిషంలోని చదరపు ఆర్క్ సెకండ్లతో) భాగిస్తే 0.014. అంటే యాదృచ్ఛికంగా చుక్క అక్కడ పడే అవకాశం 1.4 శాతం. ఒక్క గెలాక్సీకి ఇది చాలా తక్కువే. వంద గెలాక్సీలు చూస్తే మాత్రం ఒకటో రెండో మోసం చేస్తాయి. జాబితాలు తయారుచేసేవాళ్లు ఈ సంగతి అస్సలు మరవకూడదు.

అనుమానం పూర్తిగా తీరాలంటే వర్ణపటం, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ, కావాలి. దాన్నిబట్టి వేగం తెలుస్తుంది. చుక్క వేగం, గెలాక్సీ వేగం కలిస్తే పాలపుంత నక్షత్రం అనే సందేహం పోతుంది.

అయితే వేగం కలిసినంత మాత్రాన దాని కథంతా తెలిసిపోదు. ధనుస్సు రాశిలోని ఎం54 అనే నక్షత్రగుచ్ఛాన్నే తీసుకోండి. 1778లో ఫ్రెంచి ఖగోళవేత్త మెస్సియే దీన్ని నమోదు చేశాడు. చాలాకాలం అందరూ దీన్ని పాలపుంతకు చెందిన మామూలు గోళాకార గుచ్ఛమే (బంతిలా ముద్దకట్టిన ముసలి నక్షత్రాల గుంపే) అనుకున్నారు. 1994లో ధనుస్సు మరుగుజ్జు గెలాక్సీ బయటపడ్డాక, ఎం54 సరిగ్గా దాని నడిమధ్యన ఉందని తేలింది. దూరం ఒకటే, వేగం కూడా దాదాపు ఒకటే. అయినా అక్కడ రెండు రకాల నక్షత్రాలున్నాయి: లోహాలు (ఖగోళశాస్త్రంలో హైడ్రోజన్, హీలియం కాని మూలకాలన్నీ) తక్కువగా ఉన్న ముసలి గుచ్ఛం, లోహాలు ఎక్కువగా ఉన్న గెలాక్సీ సొంత కేంద్రకం. గుచ్ఛం నక్షత్రాల వేగాల్లోని తేడా కేంద్రం నుంచి దూరం వెళ్లేకొద్దీ తగ్గుతుంది. గెలాక్సీ నక్షత్రాలలో అది దాదాపు అలాగే ఉంటుంది. గుచ్ఛం వేరేచోట పుట్టి, చుట్టూ ఉన్న పదార్థం ఆకర్షణకు వేగం కోల్పోతూ మెల్లగా కేంద్రానికి జారిందని చాలామంది భావిస్తారు. నాకూ ఈ వివరణే సబబుగా అనిపిస్తుంది.

ఎం54ను మన ఊళ్ల నుంచే చూడొచ్చు. చంద్రుడు లేని మే తెల్లవారుజామున దక్షిణాన ఉత్తరాషాఢ నక్షత్రాలలో ఒకటైన జీటాను పట్టుకోండి. దానికి రెండు డిగ్రీల లోపే, పడమటి వైపు, చిన్న టెలిస్కోపులో మసక మచ్చలా ఎం54 కనిపిస్తుంది.

అభ్యాసం: ఎరిడానస్ 2 అనే అతి మసక మరుగుజ్జు గెలాక్సీ సుమారు 12 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులో ఒకే ఒక గుచ్ఛం, కేంద్రానికి కాస్త పక్కగా ఉంది. దాని వెలుగులో సగం వచ్చే వ్యాసార్ధం సుమారు 45 కాంతి సంవత్సరాలు. అది ఎన్ని ఆర్క్ సెకండ్లో లెక్కించి, నేల మీది టెలిస్కోపు దాన్ని నక్షత్రం నుంచి వేరు చేయగలదో లేదో రాయండి. 5వ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.