హినమత్సురి రాత్రి భోజనం ఇంట్లో ఎలా చేయాలి?

జపాన్‌లో మార్చి 3న హినమత్సురి. ఆడపిల్లలు ఆరోగ్యంగా ఎదగాలని ఇంటిల్లిపాదీ చేసుకునే పండుగ ఇది. పీచ్ చెట్లు పూసే కాలపు పండుగ కాబట్టి మోమో నో సెక్కు అని కూడా అంటారు. ఎర్రబట్ట పరిచిన మెట్ల మీద, అన్నిటికంటే పైన చక్రవర్తి దంపతుల బొమ్మలు, వాటి కింద ముగ్గురు పరిచారికలు, ఆ కింద ఐదుగురు వాద్యకారులు కొలువుదీరతారు. మన బొమ్మల కొలువు పెట్టే ఇళ్లవాళ్లకు ఈ మెట్లు చాలా దగ్గరగా అనిపిస్తాయి.

ఆ రాత్రి భోజనంలో ముఖ్యమైనవి చిరాషి సుషి, హమగురి ఆల్చిప్పల సూప్. సుషి అనగానే పచ్చి చేప, చాపతో చుట్టడం గుర్తొచ్చి చాలామంది టెన్షన్ పడతారు. చిరాషిలో చుట్టడం ఉండదు, పచ్చి చేప లేకపోయినా ఏ లోటూ రాదు. పులుపు పట్టిన అన్నం మీద రంగురంగుల దినుసులు చల్లడమే. అయితే రుచంతా ఆ అన్నంలోనే ఉంటుంది, మీ శ్రద్ధ ముందు దాని మీదే పెట్టండి.

అన్నం

ఈ కొలతలు నలుగురికి. 450 గ్రాముల పొట్టి గింజ జపాన్ బియ్యం తీసుకోండి. సోనా మసూరి పొడిపొడిగా విడిపోతుంది, దీనికి పనికిరాదు. నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా కడిగి, వడకట్టి, 540 మిల్లీలీటర్ల నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లతోనే వండండి. స్టవ్ కట్టాక 10 నిమిషాలు మూత తీయొద్దు.

ఈలోగా 80 మిల్లీలీటర్ల రైస్ వెనిగర్‌లో 3 టేబుల్ స్పూన్ల చక్కెర, ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు కరిగించండి. మరిగించకండి, ఘాటు పోతుంది. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలోకి తీసి, వేడి మీదే ఇది చల్లాలి. చల్లారిన అన్నం పులుపును పీల్చుకోదు. గరిటెను నిలువుగా దింపి అన్నాన్ని కోసినట్టుగా విడదీయండి, గుండ్రంగా తిప్పితే ముద్దయిపోతుంది. ఇంకొకరు పక్కన విసనకర్రతో విసురుతుంటే గింజలకు మెరుపొస్తుంది. ఈ పని పిల్లలకు అప్పగించండి, ఇష్టంగా చేస్తారు. తర్వాత తడిబట్ట కప్పి ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది.

పైన చల్లేవి

ఎండు షిటాకే పుట్టగొడుగులు ఆరింటిని కొన్ని గంటల ముందే చన్నీళ్లలో నానబెట్టండి. సన్నగా తరిగి, ఒక కప్పు నానిన నీళ్లు, 2 టేబుల్ స్పూన్ల సోయా సాస్, 2 టేబుల్ స్పూన్ల చక్కెర కలిపి, క్యారెట్ ముక్కలతో పాటు రసం ఇగిరేదాకా ఉడికించండి. ఇవి మాత్రం పైన చల్లేవి కావు, అన్నంలో కలిపేయాలి.

తామర దుంపను పల్చటి చక్రాలుగా కోసి, వెనిగర్ కలిపిన నీళ్లలో రెండు నిమిషాలు ఉడికించి, తీపి వెనిగర్‌లో వేసి ఉంచండి. దాని రంధ్రాల్లోంచి అవతలి వైపు కనిపిస్తుంది కదా, అలాగే ముందున్న రోజులు స్పష్టంగా కనిపించాలని దీన్ని వడ్డిస్తారు. రొయ్యలు ఉప్పునీటిలో ఉడికించండి. నడుము వంగే వయసు దాకా బతకాలని వాటి ఆకారంలో ఒక దీవెన ఉంది. మూడు గుడ్లు చిటికెడు ఉప్పు, కాస్త చక్కెరతో గిలకొట్టి, సన్నటి మంట మీద కాగితంలాంటి అట్లు పోసి, దారాల్లా తరగండి. పచ్చదనానికి లేత బఠానీ కాయలు క్షణం ఉడికిస్తే చాలు. శాకాహారులు రొయ్యలు మానేసి పుట్టగొడుగులు పెంచుకోవచ్చు.

ముందు గుడ్డు దారాలు నిండుగా పరచి, వాటి మీద మిగతావి అక్కడక్కడా పెట్టండి. కింద పసుపు కనిపిస్తుంటేనే అందం.

హమగురి సూప్

ఈ ఆల్చిప్ప రెండు పెంకులు ఒకదానికొకటే సరిపోతాయి, వేరే దాని పెంకు అతకదు. అందుకే ఇవి దాంపత్యానికి గుర్తయ్యాయి. హెయాన్ కాలపు (8–12 శతాబ్దాల) కులీనులు ఈ పెంకుల జతలు వెతికే ఆట ఆడేవారు. ఎడో కాలంలో (17–19 శతాబ్దాలు) ఆ పెంకుల పెట్టెలు గొప్పింటి పెళ్లికూతురి సారెలో వెళ్లేవి.

అర లీటరు నీళ్లకు 15 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి, పన్నెండు ఆల్చిప్పలను అందులో రెండు మూడు గంటలు చీకట్లో ఉంచితే ఇసుక కక్కేస్తాయి. పెంకులు రుద్ది కడిగి, 800 మిల్లీలీటర్ల చన్నీళ్లలో అరచేయంత కొంబు సముద్రపు నాచుతో పాటు వేసి సన్నటి మంట పెట్టండి. మరిగే ముందు కొంబు తీసేయండి. నోళ్లు తెరుచుకోగానే నురగ తీసి, రెండు స్పూన్ల సాకే (జపాన్ బియ్యపు మద్యం), రుచి చూసి ఉప్పు వేసి దించండి. తెరుచుకోనివి పారేయాలి. ఆల్చిప్పలు దొరక్కపోతే కొంబు నీళ్లలో టోఫు వేసి చేయండి. వేరే జాతి చిప్పలతో రుచి వస్తుంది గానీ జతల కథ రాదు.

సూప్ చివర్లో చేసి వేడిగా పోయండి. చిరాషి గది వేడిలోనే బాగుంటుంది. రొయ్యలు, గుడ్లు ఉన్నాయి కాబట్టి ఆ పూటే తినేయాలి. పెద్దలకు షిరోజాకే అనే తెల్లటి తియ్యటి మద్యం, పిల్లలకు బియ్యాన్ని కోజి అనే బూజుతో పులియబెట్టి చేసే మత్తులేని అమజాకే ఇస్తారు. ఆపైన గులాబీ, తెలుపు, ఆకుపచ్చ పొరల హిషిమోచి అనే బియ్యపు మిఠాయి, హిన అరారే బొరుగులు. ఈ బొరుగులు టోక్యో వైపు తియ్యగా, ఒసాకా వైపు ఉప్పగా, సోయా రుచితో ఉంటాయి. సూప్ తాగాక నోటికి నాకైతే తియ్యనివే నచ్చుతాయి.