ఇంట్లో పాట రికార్డు చేసేటప్పుడు హెడ్‌ఫోన్ వినికిడిని ఎలా సరిచేసుకోవాలి?

ఇంట్లో పాట రికార్డు చేసుకునేవారు మైకు ఎంపికపై చూపే శ్రద్ధలో సగమైనా, పాడుతున్నప్పుడు తమ చెవికి ఏం వినిపిస్తోందన్న విషయంపై చూపరు. తంబుర హెడ్‌ఫోన్‌లో మరీ గట్టిగా మోగినా, తమ గొంతు తమకే ఆలస్యంగా వినిపించినా, ఎంత సాధన ఉన్నవారికైనా శ్రుతి, లయ పట్టు తప్పుతాయి. ఒక కీర్తనను తంబురతో, ఒకే మైకుతో రికార్డు చేయడాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

ముందుగా ఫ్యాను ఆపి, పరుపో బట్టల అల్మరానో ఉన్న గదిలో మైకును నోటికి జానెడు దూరంలో పెట్టుకోవాలి. బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసే కండెన్సర్ మైకైతే, హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించిన తరువాతే ఇంటర్‌ఫేస్‌లో, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో, ఆ కరెంటునిచ్చే 48 వోల్టుల మీట నొక్కాలి.

తరువాత గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే శబ్దాన్ని ఎంత పెంచాలన్న మోతాదు, చూసుకోవాలి. చాలామంది పల్లవి పాడి చూసి సరిపెట్టుకుంటారు. తీరా అనుపల్లవిలో తారస్థాయికి వెళ్ళగానే, శబ్దం హద్దు దాటిందని చెప్పే ఎర్రదీపం వెలుగుతుంది. కాబట్టి కీర్తనలో అన్నిటికన్నా గట్టిగా పాడే సంగతిని పాడుతూ, మీటరు ముల్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్‌ల మధ్య ఆగేలా గెయిన్ తిప్పాలి. 24 బిట్‌లలో రికార్డు చేస్తే ఇంతకన్నా తక్కువైనా నష్టం లేదు.

అసలు చిక్కు ఆలస్యంతోనే వస్తుంది. గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళి తిరిగి చెవికి చేరేలోగా బఫర్, అంటే శబ్దాన్ని కాసేపు నిలవ ఉంచే చోటు, నిండాలి. సెకనుకు 48,000 శాంపిళ్ళ (శబ్దపు కొలతల) చొప్పున లెక్కిస్తే 1024 శాంపిళ్ళ బఫర్ నిండడానికి సుమారు 21 మిల్లీసెకన్లు పడుతుంది. రానుపోను కలిపితే 40 దాటుతుంది. 128కి తగ్గిస్తే ఒకవైపు మూడు మిల్లీసెకన్లలోపే. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే ఈ లెక్కలేవీ అక్కరలేదు, ఎందుకంటే గొంతు కంప్యూటర్‌తో పని లేకుండా నేరుగా చెవికి చేరుతుంది. అయితే అప్పుడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు మానిటర్‌ను, అంటే గొంతును తిరిగి వినిపించే మీటను, తప్పక ఆపాలి. నేను ఒకసారి అది మరచిపోయి, రెండుసార్లు వినిపిస్తున్న నా గొంతును గది ప్రతిధ్వని అనుకొని, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ గోడలకు వేలాడదీశాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం ఈ పనికి తగదు. దాని ఆలస్యాన్ని ఏ బఫరూ తగ్గించలేదు.

తంబురను గదిలో మోగించకూడదు, మైకులో గొంతుతో కలిసిపోతే విడదీయడం కష్టం. దానిని విడిగా ఒక ట్రాకుపై ఉంచి, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్‌లో గొంతు కన్నా కొంచెం తక్కువగా వినాలి. శ్రుతి నిలవడం లేదనిపిస్తే ఒక చెవిని తెరచి పాడండి, కానీ ఆ వైపు శబ్దాన్ని ఆపేయకపోతే తంబుర అక్కడి నుంచే మైకులోకి కారుతుంది.

పాడడం పూర్తయ్యాక ఇక ఆలస్యంతో చిక్కు లేదు కాబట్టి బఫర్‌ను మళ్ళీ 1024కి పెంచి, స్పీకర్లు రెండూ, మీ తలా సమబాహు త్రిభుజంగా ఉండేటట్లు కూర్చొని, మాటలాడుకునేంత శబ్దంలో వినండి. చివరగా ఫోన్‌లో వినాలి. ఒకటో శ్రుతిలో మంద్ర షడ్జమం 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఫోన్ స్పీకర్ దానిని పలికించలేదు. తంబుర మాయమైందని మొత్తం వాల్యూమ్ పెంచకుండా, దాని పై అనుస్వరాలను (అసలు స్వరంతో పాటు మోగే పైస్థాయి నాదాలను) మాత్రమే ఈక్వలైజర్‌తో కొద్దిగా లేపితే, చిన్న స్పీకర్‌లోనూ శ్రుతి వినబడుతుంది.